రాయబారి పణిక్కరు

దౌత్యమనగా విందులును, మర్యాదవాక్యములును మాత్రమేయని తలచువారు మనలో పెక్కురు గలరు. పొరుగు రాజ్యమున రాయబారి చేరవేసిన మాటపైనను, చేరవేయక విడిచిన మాటపైనను లక్షలాది ప్రజల ప్రాణము లాధారపడియుండునని సర్దారు కావలం మాధవ పణిక్కరు గారి జీవితము చాటుచున్నది.

వారు 1895లో తిరువాన్కూరు సంస్థానమున జన్మించిరి. ఆక్స్‌ఫర్డులో చరిత్ర నభ్యసించి, ఆలీఘడ్‌లో నధ్యాపకులై, పిదప హిందూస్థాన్ టైమ్స్ పత్రికకు సంపాదకులైరి. అనంతరము బికనీరు దివానుగిరి నిర్వహించిరి. 1948లో కె. పి. ఎస్. మీనను గారి తరువాత చీనాకు మన రాయబారిగా నాన్కింగు చేరిరి. మరుసటి సంవత్సరము ఏప్రిలులో ఆ నగరము కమ్యూనిస్టుల వశమయ్యెను. డిసెంబరు 30న భారతదేశము నూతన ప్రభుత్వమును గుర్తించెను. 1950 మే 20న పణిక్కరు గారు పెకింగులో మావోకు తమ అధికార పత్రములను సమర్పించిరి.

ఆ సంవత్సరము అక్టోబరు 3వ తేదీ నడిరేయి దాటిన పిమ్మట చౌ ఎన్ లై వారిని పిలిపించి, అమెరికా సేనలు కొరియాలో 38వ అక్షాంశరేఖను దాటినచో చీనా ఊరకుండదని తెలిపెను. పణిక్కరు గారు తత్‌క్షణమే ఆ వార్తను ఢిల్లీకి పంపిరి. అది వాషింగ్టనుకు చేరినది; కాని వారు చీనా పక్షపాతియని యెంచి అచటి పెద్దలు దానిని లక్ష్యపెట్టలేదు. ఆ నెలలోనే చీనా సేనలు యాలూ నదిని దాటెను. యుద్ధము 1953 జూలై వరకు సాగెను.

అదే అక్టోబరులో చీనా సైన్యము టిబెట్టులోని చామ్దోపై బడెను. ఇచట వారి దృష్టి మందగించినదని చెప్పక తప్పదు. చీనా చర్యలకు సమర్థనలు వెదకుటలో రాయబారి మిక్కిలి శ్రమపడుచున్నారని సర్దారు పటేలు నవంబరు 7న నెహ్రూ గారికి వ్రాసిన లేఖలో ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ నిరాధారము కాదని మా యభిప్రాయము.

ఆంధ్రులకును వారు పరాయివారు కారు. 1953లో నియమింపబడిన రాష్ట్రముల పునర్విభజన సంఘమున వా రొక సభ్యులు. తెలంగాణమును తత్కాలమునకు ప్రత్యేకముగా నుంచవలెనని ఆ సంఘము 1955లో సూచించినను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మవతరించెను.

1962లో చీనా దండయాత్రను కన్నులార జూచి, మరుసటి యేడు డిసెంబరు 10న వారు కీర్తిశేషులైరి. పరుల మనస్సు గ్రహించుట రాయబారికి సగము ధర్మము; స్వదేశమునకు రాబోవు కీడును ముందుగా చెప్పుట తక్కిన సగము. మొదటిదానిలో పణిక్కరు గారు అసమానులు. రెండవదానిలో జరిగిన లోపమునకు మూల్యమును చెల్లించినది హిమాలయ సీమలలో నేలకొరిగిన మన సైనికులు.