ఖ్వాజా అహ్మద్ అబ్బాస్

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ (జూన్ 7, 1914 - జూన్ 1, 1987) ప్రముఖ భారతీయ పాత్రికేయుడు, నవలా రచయిత, కథకుడు, సినీ రచయిత, దర్శకుడు. కె.ఎ.అబ్బాస్‌గా ప్రసిద్ధుడు. ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ భాషలలో రచనలు చేశాడు. పత్రికలో సినిమా సమీక్షకుడిగా పేరు తెచ్చుకొని, అక్కడి నుండి సినిమా రచనకు, దర్శకత్వానికి, నవలా రచనకు విస్తరించాడు. రాజ్ కపూర్ చిత్రాల రచయితగా ఎక్కువమందికి తెలిసినా, ఆయన జీవితాంతం వదలని వృత్తి పత్రికా రచనే.

బాల్యం, విద్య

అబ్బాస్ నేటి హర్యానా రాష్ట్రంలోని పానిపట్టులో జన్మించాడు. ప్రసిద్ధ ఉర్దూ కవి అల్తాఫ్ హుస్సేన్ హాలీ ఈయన పూర్వీకుడు. పానిపట్టులో పాఠశాల విద్య ముగిశాక అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చేరి, 1933లో బి.ఎ., 1935లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే అలీగఢ్ ఒపీనియన్ అనే విద్యార్థి వారపత్రికను నడిపాడు. న్యాయశాస్త్రం చదివినా న్యాయవాద వృత్తి చేపట్టలేదు.

పాత్రికేయ జీవితం

1935లో బొంబాయి చేరి, జాతీయోద్యమాన్ని సమర్థించే బాంబే క్రానికల్ దినపత్రికలో విలేఖరిగా చేరాడు. తరువాత ఆ పత్రిక సినిమా విభాగం బాధ్యత ఆయనకు దక్కింది. సినిమాను కేవలం కాలక్షేపంగా కాక, సమాజాన్ని ప్రభావితం చేసే కళగా పరిగణించి సమీక్షలు వ్రాశాడు. 1936 నుండి బాంబే టాకీస్ సంస్థకు ప్రచార రచయితగా కూడా కొంతకాలం పనిచేయడంతో చిత్రనిర్మాణం లోపలి వ్యవహారం తెలిసింది. 1938లో ప్రపంచ యాత్ర చేసి, ఆ అనుభవాలను మరుసటి సంవత్సరం పుస్తకంగా వెలువరించాడు.

మహాత్మా గాంధీ సినిమాను జూదం, గుర్రప్పందేల వంటి దురలవాట్లతో పాటు పేర్కొన్నప్పుడు, 1939లో బాబూరావు పటేల్ సంపాదకత్వంలోని ఫిల్మిండియా పత్రికలో అబ్బాస్ ఆయనకు బహిరంగ లేఖ వ్రాశాడు. గాంధీ పట్ల గౌరవాన్ని నిలుపుకొంటూనే, మంచి చిత్రాలను గుర్తించాలని, సినిమాను మొత్తంగా తోసిపుచ్చరాదని ఆ లేఖలో వాదించాడు.

బాంబే క్రానికల్‌లో చివరి పుట పేరుతో ఆయన నిర్వహించిన శీర్షిక, 1947లో బ్లిట్జ్ వారపత్రికకు మారి, 1987లో ఆయన మరణం వరకు కొనసాగింది. ఉర్దూ పాఠకులకు ఇది ఆజాద్ కలం పేరుతో పరిచయం.

సినీరంగం

ఆయన వ్రాసిన తొలి చిత్రం నయా సంసార్ (1941). బాంబే టాకీస్ నిర్మించిన ఈ చిత్రానికి పత్రికా రంగమే నేపథ్యం. తన కథలను ఇతరులు మలిచే తీరు తృప్తి నివ్వకపోవడంతో స్వయంగా దర్శకత్వం చేపట్టాడు. 1943లో ఏర్పడిన భారతీయ ప్రజా నాట్యమండలి (ఇప్టా) స్థాపకులలో ఈయన ఒకడు. ఆ సంస్థ కళాకారులతో, బెంగాల్ కరువు ఇతివృత్తంగా తీసిన ధర్తీ కే లాల్ (1946) దర్శకుడిగా ఆయన మొదటి చిత్రం. అదే సంవత్సరం ఆయన రచనలో పాలుపంచుకొన్న నీచా నగర్ (దర్శకుడు చేతన్ ఆనంద్) కేన్స్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన చిత్రాలలో ఒకటిగా నిలిచింది. చైనాలో సేవలందించిన డాక్టర్ కోట్నిస్ గురించి అబ్బాస్ వ్రాసిన పుస్తకం ఆధారంగా వి.శాంతారాం 1946లోనే డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ చిత్రాన్ని తీశాడు.

రాజ్ కపూర్ కోసం వ్రాసిన ఆవారా (1951), శ్రీ 420 (1955), బాబీ (1973) ఘన విజయం సాధించాయి. ఆయన స్వయంగా తీసిన చిత్రాలకు ఆ స్థాయి వ్యాపార విజయం దక్కలేదు. పత్రికా రచన వలన, ఇతరుల చిత్రాలకు వ్రాయడం వలన వచ్చిన ఆదాయమే తాను కోరుకున్న సినిమాలు తీయడానికి ఆయనకు ఆధారమైంది. తన నయా సంసార్ సంస్థ ద్వారా పాటలు లేని మున్నా (1954), బొంబాయిలో తలదాచుకోవడానికి చోటులేని దంపతుల కథ షహర్ ఔర్ సప్నా (1963) వంటి చిత్రాలు తీశాడు. షహర్ ఔర్ సప్నా ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. గోవా విముక్తి నేపథ్యంలోని సాత్ హిందుస్తానీ (1969) ద్వారా అమితాబ్ బచ్చన్ నటుడిగా పరిచయమయ్యాడు.

నవలలు, కథలు

అబ్బాస్ నవలలలో ఇంక్విలాబ్ (1955) ముఖ్యమైనది. అన్వర్ అనే ముస్లిం బాలుడు ఎదిగే క్రమంతో పాటు, 1919 నాటి జలియన్‌వాలా బాగ్ ఘటన మొదలుకొని జాతీయోద్యమ గమనం ఇందులో చిత్రితమైంది. కల్పిత పాత్రల నడుమ చారిత్రక వ్యక్తులు, నిజ సంఘటనలు కనిపిస్తాయి. విలేఖరిగా ఆయనకున్న అనుభవం ఈ నిర్మాణంలో స్పష్టంగా తెలుస్తుంది. కథను దృశ్యాలుగా నడిపే పద్ధతి సినీ రచన నుండి వచ్చింది. బాబీ వంటి కొన్ని చిత్రకథలను ఆయన నవలలుగా కూడా వ్రాశాడు. పత్రికా రచన ధోరణి ఎక్కువైందన్న విమర్శ ఆయన కాల్పనిక సాహిత్యంపై ఉంది. దేశ విభజన కాలపు మతకలహాల నేపథ్యంలో వ్రాసిన సర్దార్‌జీ కథ తీవ్ర వివాదాన్ని రేపింది. 1977లో తన ఆత్మకథను ఇంగ్లీషులో ప్రచురించాడు. అన్నీ కలిపి ఆయన పుస్తకాలు డెబ్భైకి పైగా ఉన్నాయి.

సెన్సార్‌పై న్యాయపోరాటం

కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాలలో సంపన్నుల, పేదల జీవితాల మధ్య అంతరాన్ని చూపుతూ 1968లో అబ్బాస్ ఒక లఘుచిత్రం తీశాడు. వేశ్యావాటిక దృశ్యాల కారణంగా సెన్సార్ అధికారులు దానికి అందరూ చూడదగిన చిత్రంగా ధ్రువపత్రం ఇవ్వలేదు. ఆయన సుప్రీం కోర్టును ఆశ్రయించాడు. ప్రభుత్వం వెనక్కు తగ్గి ధ్రువపత్రం ఇవ్వడానికి అంగీకరించినా, ముందస్తు సెన్సార్ రాజ్యాంగబద్ధతనే ప్రశ్నిస్తూ కేసును కొనసాగించాడు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా నాయకత్వంలోని ధర్మాసనం సినిమాలకు ముందస్తు సెన్సార్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయితే కళావిలువ గల చిత్రణకు, అశ్లీలానికి తేడా గుర్తించే మార్గదర్శకాలు అవసరమని సూచించింది. కె.ఎ.అబ్బాస్ కేసుగా పిలిచే ఈ తీర్పు భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించిన ముఖ్యమైన తీర్పులలో ఒకటి.

గౌరవాలు, మరణం

భారత ప్రభుత్వం 1969లో అబ్బాస్‌ను పద్మశ్రీతో గౌరవించింది. 1987 జూన్ 1న బొంబాయిలో మరణించాడు. ఆయన వ్రాసిన కథ ఆధారంగా రూపొందిన హెన్నా చిత్రం ఆయన మరణానంతరం 1991లో విడుదలైంది.