పట్టుచీర తాకట్టుతో సాగిన ప్లీడరు చదువు



ఈ మధ్య మన పెన్షనర్ల ఇళ్ళలో ఒక మాట తరచు వింటున్నాను. ఇంటర్ చదివే మనుమడో మనుమరాలో లా చదువుతానంటే, మార్కులు చాలవనో డబ్బు చాలదనో పెద్దవాళ్ళమే వెనక్కు లాగుతున్నాము. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి జీవితాన్ని, ముఖ్యంగా ఆయన న్యాయవాది కావడానికి పడిన శ్రమను నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

పంతులు గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. ఒక పరీక్షకు మూడు రూపాయల ఫీజు ఎక్కడా పుట్టకపోతే, ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టారు.

ప్లీడరు కావాలన్నది ఆయనకు చిన్ననాటి కోరిక. దారి చూపింది మాత్రం లెక్కల మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. శిష్యుణ్ణి జీతం లేకుండా బడిలో చేర్పించారు, తనతో రాజమండ్రి తీసుకువెళ్ళారు, తరువాత లా చదువుకు మద్రాసు పంపారు. ఈలోగా ప్రకాశం గారు నాటకాల్లో వేషాలు వేశారు. మెట్రిక్యులేషన్‌లో ఒకసారి తప్పారు కూడా. నాటకాల పిచ్చి చదువును చెరిచిందని ఎవరైనా అనవచ్చు. కాని సభలో జంకకుండా గొంతెత్తే అలవాటు ఆ రంగస్థలం మీదే అబ్బిందని నా అభిప్రాయం. అదీ వకీలు చదువులో భాగమే కదా!

సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఒంగోలులో కొద్దికాలం పనిచేసి, 1894లో రాజమండ్రికి మకాం మార్చారు. అక్కడ మంచి ప్రాక్టీసు కుదిరింది, మునిసిపల్ ఛైర్మన్ పదవీ దక్కింది. అయితే ఆ తరగతి ప్లీడర్లకు కింది కోర్టులే గతి. హైకోర్టులో వాదించే అర్హత లేదు. ఒక కేసు పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు, ఆయన తెలివి చూసిన ఒక బారిస్టరు సీమకు వెళ్ళి చదవమని సలహా ఇచ్చారు.

అప్పటికి పంతులు గారు ముప్పై దాటిన సంసారి. సముద్రం దాటడం తప్పని లోకం అనుకునే రోజులవి. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాట ఇచ్చి 1904లో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ బారిస్టరు కావాలంటే పరీక్షలొక్కటే చాలవు. న్యాయవిద్యా సంఘం భోజనశాలలో నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరు కావాలి. అలాంటి చోట తల్లికిచ్చిన మాట నిలుపుకోవడం ఎంత కష్టమో ఊహించండి! చదువుతోపాటు దాదాభాయి నౌరోజీ గారి ఎన్నికల పనిలోనూ పాల్గొన్నారు.

1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో నిలదొక్కుకున్నారు. లా టైమ్స్ పత్రికకు సంపాదకత్వం వహించారు. 1911 నాటి ఆష్ హత్య కేసులో నిందితుల తరఫున నిలిచారు. రెండు చేతులా ఆర్జించారు.

అంత కష్టపడి సాధించిన వృత్తిని 1921లో గాంధీ గారి పిలుపు మీద వదిలేశారు. ఆర్జన స్వరాజ్య పత్రికకు, ఉద్యమానికి కరిగిపోయింది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపారు. 1946లో మద్రాసు ప్రధాని, 1953లో ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న ఆస్తి ఏమీ లేకుండానే కన్నుమూశారు.

నేడు ఇంటర్ కాగానే లాసెట్ రాసి ఐదేళ్ళ కోర్సులో చేరవచ్చు. సముద్రం దాటే పని లేదు. పిల్లలకు కావలసింది గట్టి పట్టుదల, నదురు బెదురు లేని మాట, చదువు ఎవరి కోసమన్న ఎరుక. మనం ఇవ్వవలసింది సుబ్బమ్మ గారిపాటి ధైర్యం, నాయుడు మాస్టారిపాటి ఆదరణ. పెన్షను పుచ్చుకునే మనకు ఆ మాత్రం చేతకాదా?