ప్రాణం నిలపడం నేర్పిన బొమ్మ



సీపీఆర్ శిక్షణ ఎక్కడ జరిగినా నేల మీద ఒక బొమ్మ పడుకోబెట్టి ఉంటుంది. అలాంటి బొమ్మల్లో అన్నిటికన్నా పేరున్నది, కళ్లు మూసుకుని ప్రశాంతంగా కనిపించే ఒక అమ్మాయి బొమ్మ. దాన్ని తయారు చేసింది డాక్టరు కాదు. పిల్లల ఆటబొమ్మలు చేసి అమ్ముకునే ఒక వ్యాపారి, ఒక పసివాడి తండ్రి. ఆయనే నార్వే దేశానికి చెందిన ఆస్మండ్ లేర్డాల్.

1913లో పుట్టిన లేర్డాల్, 1940లో స్టవాంగర్ అనే ఓడరేవు పట్టణంలో చిన్న కంపెనీ పెట్టారు. గ్రీటింగ్ కార్డులు, పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి, తర్వాత చెక్క బొమ్మలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మెత్తటి ప్లాస్టిక్ కొత్తగా వచ్చింది. దానితో ఆయన చేసిన బుల్లి కార్లు, యాన్ అనే పాప బొమ్మ బాగా అమ్ముడుపోయాయి. వ్యాపారం నిలదొక్కుకుంది.

1950ల మధ్యలో ఆ ఇంట్లో ఒక గండం గడిచింది. ఆయన కొడుకు టోరెకు అప్పుడు రెండేళ్లు. నీళ్లలో పడి, చలనం లేకుండా ఉన్న పిల్లాణ్ణి తండ్రే బయటికి లాగారు. శ్వాసకు అడ్డుపడిన నీటిని తొలగించి ఊపిరి అందేలా చేశారు. బాబు బతికాడు. ఆ టోరెనే పెద్దయ్యాక తండ్రి కంపెనీని నడిపించాడు.

అదే కాలంలో అమెరికాలో పీటర్ సఫార్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక విషయం నిరూపించారు. ఊపిరి ఆగిన మనిషి వీపు నొక్కడం, చేతులు పైకెత్తడం వంటి పాత పద్ధతులకన్నా, తల వెనక్కి వంచి నోటితో ఊపిరి ఊదడమే మేలని తేల్చారు. కానీ దాన్ని మామూలు జనానికి నేర్పేదెలా? ఆరోగ్యంగా ఉన్న మనుషుల మీద సాధన చేయించలేరు కదా. నార్వేలో మత్తు వైద్యుడు బ్యోర్న్ లిండ్ ద్వారా ఈ సమస్య లేర్డాల్ దగ్గరికి వచ్చింది. మెత్తటి ప్లాస్టిక్‌తో పని ఆయనకు కొట్టిన పిండి. నీటి నుంచి కొడుకును లాగిన తండ్రికి ఆ పని విలువ ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

నిలువెత్తు బొమ్మను చేశారు. తల సరిగ్గా వంచితేనే గాలి లోపలికి వెళ్తుంది, ఛాతీ పైకి లేస్తుంది. తప్పుగా చేస్తే లేవదు. అంటే తప్పును బొమ్మే చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లు భయపడకూడదని దానికి శాంతమైన ముఖం పెట్టారు. బంధువుల ఇంటి గోడ మీద చూసిన ఒక ముఖం అచ్చును అందుకు ఎంచుకున్నారు. పారిస్‌లో సెన్ నదిలో దొరికిన పేరు తెలియని యువతి ముఖం అది అని కథ చెప్పుకుంటారు.

1960లో ఆ బొమ్మ రిససి యాన్ పేరుతో బయటికి వచ్చింది. అదే ఏడాది, ఆగిన గుండెను ఛాతీ మీద నొక్కి పనిచేయించవచ్చని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించారు. సఫార్ సలహాతో లేర్డాల్ బొమ్మ ఛాతీలో స్ప్రింగు అమర్చారు. దాంతో ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం రెండూ ఒకే బొమ్మ మీద నేర్చుకునే వీలు కలిగింది. 1960ల మొదట్లోనే నార్వే బడిపిల్లలు ఇలాంటి బొమ్మల మీద ప్రాణరక్షణ నేర్చుకున్నారు. లేర్డాల్ క్రమంగా ఆటబొమ్మలు వదిలి, ప్రాణాలు కాపాడే పరికరాలకే కంపెనీని మళ్లించారు. 1981లో కన్నుమూశారు.

ఇదంతా మనకెందుకు?

మెదడుకు ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. 108 అంబులెన్స్ ఎంత త్వరగా బయలుదేరినా, ఆ నిమిషాల్లో పక్కన ఉండేది మనమే. పైగా ఆసుపత్రి బయట గుండె ఆగిపోయే ఘటనల్లో ఎక్కువ భాగం జరిగేది ఇళ్లలోనే. మనం కాపాడాల్సింది తాతయ్యనో, నాన్ననో, మన బిడ్డనో కావచ్చు.

మన ఊళ్లలో చెరువులో, కాలువలో మునిగిన పిల్లలను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం ఇంకా చూస్తుంటాం. దానివల్ల విలువైన సమయం పోతుంది, కక్కినది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. చేయాల్సింది ఇది:

• ముందు పిలిచి, తట్టి చూడండి. స్పందన లేకుండా, ఊపిరి సరిగ్గా లేకపోతే ఒకరిని 108కి ఫోన్ చేయమనండి.
• గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతు, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు.
• శిక్షణ పొందినవారైతే 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊపిరి ఊదాలి. నీళ్లలో మునిగినవారికి ఊపిరి ఊదడంతోనే మొదలుపెట్టాలి.
• సాయం అందేవరకు ఆపకండి.

అయితే ఇది చదివితే వచ్చే విద్య కాదు. ఎంత బలంగా నొక్కాలో చేతులకు తెలియాలి. అందుకే ఆ బొమ్మ పుట్టింది. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తున్నాయి. ఈ సెలవుల్లో ఒక్క పూట కేటాయించి ఇంటిల్లిపాదీ వెళ్లి రండి. చిన్నపిల్లలకు 108 నంబరు, ఇంటి చిరునామా చెప్పడం నేర్పినా చాలు, అదే మొదటి మెట్టు.

లేర్డాల్ ఆ రోజు సమయానికి కొడుకును చేరుకున్నారు. చేరుకున్నాక ఏం చేయాలో మనకు కూడా తెలిసి ఉండాలి.