రేలీ ప్రభువును మా చెక్కపలకయు

ఈ సంవత్సరము మా పదార్థవిజ్ఞానపు తరగతిలో నొక చిన్న పని జరిగినది. పాడైన రేడియోనుండి 8 అంగుళముల లౌడ్‌స్పీకరు నొకదానిని విడదీసి, పెట్టెలో నుంచక, చేతబట్టుకొని పాట వింటిమి. గాయకుని కంఠము వినబడెను గాని మృదంగపు తొప్పినాదము బొత్తిగా లేకపోయెను. పిమ్మట మూడడుగుల చదరపు పలకకు రంధ్రము కోసి దాని నందు బిగించితిమి. వెనుక మూత లేదు, ప్రక్కలు లేవు; అయినను తొప్పి వెంటనే పలికెను.

కారణ మిది. కాగితపు శంకువు ముందునకు జరిగినపుడు ఎదుటి గాలి నొక్కుకొనును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచనగును. అడ్డు లేనిచో ముందరి గాలి అంచు చుట్టి వెనుకకు జారిపోవును. రెండు శబ్దములు నొండొంటిని చంపుకొనును. స్థాయి తగ్గినకొలది తరంగము పొడవగును గనుక నష్టమంతయు మంద్రస్థాయికే. సెకనుకు 100 స్పందనములు గల నాదమునకు తరంగము పొడవు సుమారు 11 అడుగులు. గాలి చుట్టివచ్చు త్రోవను పొడిగించుటయే పలక చేయు పని.

ఇట్టి సంగతులకు లెక్క కట్టినవాడు నేటి రీతి లౌడ్‌స్పీకరును ఎన్నడును చూడలేదని తెలిసినపుడు మాకు ఆశ్చర్యము కలిగినది. ఆయన చరిత్రమును మా తోడి విద్యార్థులకు తెలుపుట యుచితమని తలంచితిమి.

జాన్ విలియమ్ స్ట్రట్ అను నామము గల రేలీ ప్రభువు 1842 నవంబరు 12వ తేదీన ఇంగ్లండులోని ఎసెక్సు మండలమున జన్మించెను. బాల్యమున దేహబలము తక్కువ. చదువు పలుమారు లాగిపోయెను. అయినను కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి 1865లో గణితపరీక్షయందు ప్రథముడయ్యెను. అచ్చట స్టోక్సు పండితుని ఉపన్యాసములు వినెను. తంత్రి తనంతట తాను ఏల పెద్దగా మ్రోగదో, దానికి పలక యేల కావలెనో 1868లో గణితముచే చూపినవాడు ఆ స్టోక్సే. రేలీ జర్మను భాష నేర్చుకొని హెల్మ్‌హోల్ట్జు నాదశాస్త్రగ్రంథమును గూడ చదివెను.

1871లో వివాహము జరిగినది. మరుసటి యేట తీవ్రమైన కీళ్లవాతజ్వరము వచ్చి ప్రాణమునకే మోసము వచ్చునట్లుండెను. స్వస్థతకై భార్యతో ఈజిప్టునకు పోయి నీలనదిపై పడవలో కాలము గడపెను. ప్రయోగశాల లేదు, పరికరములు లేవు. ఆ పడవలోనే శబ్దసిద్ధాంతమను మహాగ్రంథమునకు ప్రారంభము జరిగినది. మొదటి సంపుటము 1877లోను, రెండవది 1878లోను వెలువడెను. అంతులేని గోడయం దొక గుండ్రని పలక ముందు వెనుకలకు కదలుచుండిన గాలి దాని నెట్లు ఎదిరించునో రెండవ సంపుటమున లెక్క కట్టబడినది. అప్పటికి టెలిఫోను పుట్టి రెండేండ్లే. లౌడ్‌స్పీకరు కొలతలు వేయువారు నేటికిని ఆ లెక్కనే ఆశ్రయింతురు.

1873లో తండ్రి గతింపగా ప్రభుపదవియు, విశాలమైన భూములును సంక్రమించెను. 1876లో భూముల వ్యవహారము తమ్మునికి అప్పగించి, టెర్లింగు గ్రామమునందలి తన గృహములోని ప్రయోగశాలలో కూర్చుండెను. లక్క, దారము, చిత్రికపట్టని చెక్క, ఇవియే ఆయన సామగ్రి. అందుచేతనే ఆయన మాకు మిక్కిలి దగ్గరివాడుగా తోచెను. ఇంటిముందరి పచ్చికపై కన్నులు మూసుకొని నిలిచి, చుట్టును మనుష్యులను నిలిపి, శబ్ద మే దిక్కునుండి వచ్చుచున్నదో గుర్తించు ప్రయోగములు గూడ చేసెను. మాట యేవైపుదో సులభముగా తెలిసెను. శ్రుతిదండపు నాదము ముందరిదో వెనుకటిదో మాత్రము తెలియలేదు.

1879 మొదలు 1884 వరకు కావెండిష్ ఆచార్యపదవి, ఆర్గాను వాయువును కనుగొనుట, 1904లో నోబెలు బహుమానము, ఇవి పాఠ్యపుస్తకములలో నున్నవే. 1919 జూను 30వ తేదీన ఆయన మరణించెను. నేటి రీతి లౌడ్‌స్పీకరును రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు లోకమునకు వివరించినది 1925లో.

ఇక మా పలక సంగతి. తొలుత రంధ్రమును సరిగా నడుమ కోయుట మా పొరపాటు. అంచులన్నియు సమదూరమున నుండుటచే దోషమంతయు కొన్ని స్వరములమీదనే పడెను. రెండవ పలకకు రంధ్రము నొక ప్రక్కకు జరిపితిమి. గోడకు ఆనించిన నాదము చెడుచుండెను. నాలుగడుగులు ఈవలకు లాగగా బాగుపడెను. తుదకు పలకను ఆటస్థలమున నిలిపి, ఒక విద్యార్థికి గంతలు కట్టి దానిచుట్టు నడిపించితిమి. పలక అంచునకు నేరుగా వచ్చిన చోట ముందు వెనుక శబ్దములు సమముగా చేరి యొండొంటిని చంపుకొనును గదా. అతడు సరిగా నచ్చట నిలిచి, మృదంగము వాయించువాడు మానెనని తలంచి గంతలు విప్పుకొనెను.