రహీం అయివోరు లేకపోతే ఆ కప్పులు యాడివి?

పోయిన సంక్రాంతి పందేల్లో మా ఊరి కబడ్డీ జట్టు మొదటి రోజే ఓడిపోయి ఇంటికొచ్చేసింది. చంద్రగిరి తట్టు చిన్న పల్లె మాది. మా జట్టులో ఒక్కొక్కడూ ఎద్దు మాదిరి ఉంటాడు. అయినా నాలుగేండ్లుగా ఇదే కత. రచ్చబండ కాడ కూచోని మా పిలకాయలు చెప్పే కారణాలూ మారవు. మంచి గ్రౌండు లేదు, చేతిలో దుడ్లు లేవు, టౌనోళ్లకు ఉండే వసతులు మనకు యాడుండాయి అంటారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ అవి విన్నప్పుడల్లా నాకు ఒక అయివోరు గుర్తుకొస్తాడు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినోళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. సినిమాలో ఉండేది ఇండియా టీము కత. నేను ముందుగా చెప్పాలనుకునేది పోలీసోళ్ల టీమును ఆయన ఎట్ల నిలబెట్టినాడు అనేది.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టినాడు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నాడు, ఆడ ఫుట్‌బాల్ ఆడినాడు, తర్వాత బడిలో పాఠాలు చెప్పే అయివోరయినాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసినాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయి, చచ్చిపోయేదాకా ఆ పని వదల్లేదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు కోచ్ అయినాడు.

ఆ కాలంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ పేర్లే దేశమంతా మోగుతా ఉండేవి. పోలీసు టీములో మంచి ఆటగాళ్లు లేక కాదు. అయినా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గానీ, ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు గానీ అంతవరకు ఒక్కసారి కూడా వాళ్ల చేతికి రాలేదు. రహీం వచ్చిన 1950లో రెండూ వచ్చినాయి. డ్యూరాండ్ ఫైనల్లో ఓడించింది ఎవర్నో కాదు, మోహన్ బగాన్‌నే. రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు ఇంకొకరికి దక్కనీలేదు. డ్యూరాండ్ కప్పు మళ్లీ 1954లో, 1957లో, 1961లో తెచ్చినారు. 1961 నాటికి ఆ టీము పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. అంటే చిత్తూరోళ్లం మనం కూడా మాది అని చెప్పుకోవచ్చు.

ఇదంతా ఎట్లయింది? మంత్రమేమీ లేదు. ఆయన అయివోరు కదా, ఆటను పాఠం మాదిరి చెప్పినాడు. మనోళ్లకు బంతి కాలికి దొరికితే నలుగుర్ని తప్పించి చూపించాలని ఆశ. రహీం అట్ల తప్పించడమే కూడదని నియమం పెట్టి పిలకాయలకు పోటీలు నడిపినాడు. బంతి వచ్చిన వెంటనే జతగాడికి ఇచ్చేయాల. ఇచ్చేయాలంటే జతగాడు ముందే సరైన చోటికి పోయుండాల. అందుకని బంతి లేనోడు కూడా గమ్మున నిలబడకుండా పరిగెత్తడం నేర్చుకున్నాడు. ఇంకో రకం పోటీల్లో వాటం లేని కాలితోనే ఆడాల. కుడికాలు వాటమున్నోడు ఎప్పుడూ కుడి పక్కకే పోతాడని ఎదుటోడికి తెలుసు. రెండు కాళ్లూ పలికితే వాణ్ణి పట్టడం కష్టం. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆడిన 4-2-4 పద్ధతి పోకడలు అంతకు ముందే రహీం టీముల్లో కనిపించినాయని ఆట తెలిసినోళ్లు అంటారు.

సికింద్రాబాద్ తట్టు అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్ అని ఒక పేద పిల్లోడు. ఆట ఉండాది గానీ రోజూ హైదరాబాదు దాకా వచ్చిపోవడానికి చేతిలో దుడ్లు లేవు. సైకిలు బాడుగకు రహీం దుడ్లిచ్చి రప్పించుకున్నాడు. ఆ పిల్లోడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడినాడు.

ఇండియా టీముకూ ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటేడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినారు. మనోళ్లు చానామంది వట్టికాళ్లతో ఆడినారు ఆ పొద్దు. ఆ దెబ్బకు తర్వాత బూట్లు తప్పనిసరి అయినాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. సరిగ్గా నెలకు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీము ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తో కొట్టింది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోలు మనది. కడకు 4-1తో ఓడినా, మొత్తం మీద నాలుగో స్థానం వచ్చింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తా ఉండాది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినాయి. ఇంకొకరైతే వాణ్ణి పక్కన కూచోబెట్టేవాళ్లు. రహీం ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించినాడు. ఫైనల్లో మళ్లీ కొరియానే. లక్షమంది జనం, నిండా మంది మనకు ఎదురుగా అరస్తా ఉండారు. పీకే బెనర్జీ ఒక గోలు, ఆ కుట్లు పడిన జర్నైల్ ఒక గోలు. 2-1తో బంగారం.

1963 జూన్ 11న రహీం చచ్చిపోయినాడు. వయసు 53. అప్పటినుంచి ఈ పొద్దు వరకు ఆసియా క్రీడల్లో మన మగోళ్ల ఫుట్‌బాల్ టీము మళ్లీ బంగారు పతకం తేలేదు. ఆయన పోయినాక ఆ పాఠం చెప్పేదానికి ఇంకొక అయివోర్ని తయారు చేసుకోలేదు మనం. నాకు తెలిసి తప్పు ఆడనే ఉండాది.

అందుకే పిలకాయలకు ఒక మాట. గ్రౌండు కావాలని అడగండి, తప్పులేదు. దాంతో పాటు మీ ఊరి బడిలో డ్రిల్లు మాస్టరు ఉండాడా లేడా అని కూడా కనుక్కోండి. లేకపోతే గ్రామసభలో గట్టిగా అడగండి.

ఈ ఏడు మా జట్టోళ్లు రిటైరైన ఒక డ్రిల్లు మాస్టర్ని బతిమాలి పిలుచుకోనొచ్చినారు. మొదటి రోజే ఆయన అందర్నీ వాళ్లకు అలవాటు లేని పక్క నుంచే కూతకు పొమ్మన్నాడు. అందరూ సణుక్కున్నారు. అయినా మరుసటి రోజు ఒక్కడు కూడా ఎగ్గొట్టకుండా వచ్చినారు.