గిరిగారి సంతకం

న్యాయమూర్తుల నియామకం మీద రాజధానిలో ఎప్పుడు వివాదం చెలరేగినా, మాట తిరిగి తిరిగి 1973 ఏప్రిల్ దగ్గరకే వచ్చి ఆగుతుంది. పార్లమెంటు వసారాలలోను, సుప్రీంకోర్టు న్యాయవాదుల గదులలోను నేను విన్న చర్చలన్నింటిలోను అవే పేర్లు: ప్రధాని ఇందిరాగాంధీ, ఆమె మంత్రి మోహన్ కుమారమంగళం, ప్రధాన న్యాయమూర్తి అయిన అజిత్‌నాథ్ రే, కాకుండా పోయిన షెలాత్. ఆ నియామకపత్రం మీద సంతకం చేసిన తెలుగువారి పేరును మాత్రం ఎవరూ ఎత్తరు. రాష్ట్రపతి సంతకం లాంఛనమేనన్న భావం అంతగా పాతుకుపోయింది. కాని వరాహగిరి వేంకటగిరిగారి జీవితం లాంఛనాలతో నడిచినది కాదు. అందుకే ఆ సంతకాన్ని రాష్ట్రపతి భవన్ నుంచి కాక ఖరగ్‌పూర్ నుంచి చూడాలని నాకు తోస్తుంది.

ఖరగ్‌పూర్ బెంగాలులో ఉన్నా తెలుగువారికి పరాయి ఊరు కాదు. కలకత్తాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, మేదినీపూర్ జిల్లాలో, బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కిన వేలాదిమంది ఇక్కడే దిగి, రైల్వే క్వార్టర్లలోనే తరాలు గడిపారు. ఈ స్టేషనుకున్న 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం చెప్పుకున్నారు. 2013లో గోరఖ్‌పూర్ ఆ ఖ్యాతిని తీసుకుపోయింది. నాకు ఆ ప్లాట్‌ఫారం పొడవుకన్న, దాని మీద వినవచ్చే ఉత్తరాంధ్ర యాసే ఎక్కువ ఆసక్తికరం.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమంలో పాల్గొన్నారు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్ళిన యువకుడు ఐర్లండు స్వాతంత్ర్యవాదుల సాంగత్యంలో పడ్డాడు. కార్మికనాయకుడు జేమ్స్ కొనోలీ ప్రభావం ఆయన మీద గాఢంగా పడింది. 1916లో ఈస్టరు తిరుగుబాటు జరిగిన వెనుక, దేశం విడిచి వెళ్ళవలసిందిగా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ఆరంభించారు. గాంధీజీ సహాయనిరాకరణ పిలుపుతో దానిని వదులుకున్నారు.

న్యాయవాదవృత్తి పోయిన చోట రైల్వే కార్మికులు వచ్చి చేరారు. బరంపురం మీదుగా పోయే మార్గం కూడా బెంగాల్ నాగపూర్ కంపెనీదే కనుక ఆయన దృష్టి సహజంగానే ఆ రైల్వే మీద పడింది. ఆయన నిర్మించిన కార్మికసంఘానికి ఖరగ్‌పూర్ ఆయువుపట్టు. తెలుగు, బెంగాలీ, ఒరియా, హిందూస్థానీ మాట్లాడే కూలీలను, ఫిట్టర్లను, ఫైర్‌మెన్‌లను ఒక్క తాటి మీదికి తేవడం ఆ రోజుల్లో సామాన్యమైన పని కాదు. అఖిలభారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. 1927 ఫిబ్రవరిలో సమ్మె వచ్చి ఖరగ్‌పూర్ స్టేషను వద్ద కాల్పులు జరిగాయి. అదే సంవత్సరం ఉత్తరార్ధంలో వర్క్‌షాపులో వందలకొద్దీ ఉద్యోగాల తొలగింపు మీద మరొక దీర్ఘపోరాటం. కంపెనీ చేతిలో పోలీసులున్నారు, ప్రభుత్వముంది. కార్మికుల చేతిలో సంఘం ఒక్కటే ఉంది. శాంతియుతంగా పట్టుపట్టి, మాట్లాడుకుని, సాధించుకోవడమే గిరిగారు అనుసరించిన మార్గం.

బలవంతుడి ఇష్టానికి వదిలిపెట్టక, ఇరుపక్షాలు ఒకచోట కూర్చుని తేల్చుకోవాలన్న ఈ పట్టుదలే తరువాత కేంద్ర కార్మికమంత్రిగా ఆయన ప్రతిపాదించిన విధానానికి మూలం. దానికి గిరి విధానమన్న పేరే స్థిరపడింది.

నడుమ సంగతులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలోను, 1946లో ప్రకాశం మంత్రివర్గంలోను కార్మికశాఖ నిర్వహించారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలు, స్వాతంత్ర్యానంతరం సిలోనులో హైకమిషనరు పదవి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభ, నెహ్రూ మంత్రివర్గంలో స్థానం. 1954 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును మంత్రివర్గం కుదించినప్పుడు ఆయన రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. న్యాయస్థానం వంటి ఒక సంస్థ ఇచ్చిన తీర్పు ప్రభుత్వానికి ఇబ్బందికరమైనంత మాత్రాన మార్చరాదన్నది ఆనాటి ఆయన వాదం. పాఠకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో గిరిగారు 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి నిలిచిన గిరిజన అభ్యర్థులిద్దరూ ఆయన కంటె ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నందువల్ల, జనరల్ స్థానం కూడా వారిలో ఒకరైన సూరిదొరకే దక్కింది. గిరిగారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో కోర్టు ఆయన అప్పీలును తోసివేసింది. ఈలోగా ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. ఆపైన కేరళ, మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతి.

జాకిర్ హుసేన్ 1969 మే 3న కన్నుమూయడంతో గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెసు పెద్దలు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టారు. గిరిగారు జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు పదవికి రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయాలని ఇందిరాగాంధీ కోరారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. కాంగ్రెసు ఆ సంవత్సరాంతానికి రెండుగా చీలింది. ఇద్దరు తెలుగువారి పోటీలో ఒక జాతీయపక్షం చీలిపోయిన ఉదంతం మరొకటి నేనెరుగను.

ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి మీద వెలువడిన ఒక నీచమైన కరపత్రం వివాదానికి కేంద్రం. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1970లో పిటిషన్లను కొట్టివేసింది. ఆ ధర్మాసనంలో సిక్రీ ఉన్నారు, షెలాత్ ఉన్నారు.

అటుపిమ్మట సర్కారుకు, కోర్టుకు మధ్య జరిగిన ప్రతి ఘర్షణలోను గిరిగారి సంతకం ఉంది. బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని 1970 ఫిబ్రవరిలో పదిమంది న్యాయమూర్తులు కొట్టివేశారు. సమర్థించిన ఏకైక న్యాయమూర్తి రే. నాలుగు రోజుల్లో గిరిగారు కొత్త ఆర్డినెన్సు జారీ చేశారు. రాజభరణాల రద్దు బిల్లు సెప్టెంబరులో రాజ్యసభలో వీగిపోతే, రాజులకు గుర్తింపు తొలగించే ఉత్తర్వు హైదరాబాదులో విడిది చేసిన ఆయన వద్దకు వచ్చింది, అక్కడే సంతకమైంది. డిసెంబరులో కోర్టు దానిని కూడా రద్దుచేసింది. రే మళ్ళీ ప్రభుత్వపక్షాన నిలిచారు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాజ్యాంగపు మౌలికస్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదని ఏడుగురు తేల్చారు. ఆ ఏడుగురిలో మన జగన్మోహనరెడ్డి ఒకరు. ప్రధాన న్యాయమూర్తి సిక్రీ మరునాడే విరమించారు. అనారోగ్యం వంటి కారణముంటే తప్ప సీనియర్‌నే ప్రధాన న్యాయమూర్తిని చేయడం అప్పటివరకు ఆనవాయితీ. ఏడుగురిలోనివారైన షెలాత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటి నాలుగవవారైన రేను ఎంపిక చేశారు. ముగ్గురూ రాజీనామా ఇచ్చారు.

తన ఎన్నికను నిలబెట్టిన ధర్మాసనంలోని న్యాయమూర్తిని పక్కనబెట్టే పత్రం మీద గిరిగారే సంతకం చేయవలసి వచ్చింది.

ప్రభుత్వపక్షానికి ఒక వాదం లేకపోలేదు. సీనియారిటీ ఒక్కటే కొలమానం కారాదని లా కమిషనే 1958లో చెప్పింది. కుమారమంగళం లోక్‌సభలో దానినే ఉదహరించారు. 1971లో ప్రజలిచ్చిన తీర్పును కోర్టు అడుగడుగునా అడ్డుకుంటుందేమోనన్న భయం కాంగ్రెసువారిలో నిజంగానే ఉంది. ప్రతిపక్షాల భయం వేరు. ఇకమీదట ప్రతి న్యాయమూర్తీ తీర్పు రాసేముందు సర్కారు మొహం చూస్తాడేమోనని వారి ఆందోళన. రెండు భయాలూ బూటకాలు కావు. కాని లా కమిషను కోరినది సమర్థుని ఎంపిక. అనుకూలుని ఎంపిక కాదు. తీర్పు వెలువడిన మరునాడే సామర్థ్యం మీద శ్రద్ధ పుట్టిందంటే నమ్మడం నా వల్ల కాదు.

అమెరికాలో ఈ భయమే మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడి సెనేటులో మైనారిటీ సభ్యులు ఎడతెగని చర్చతో న్యాయమూర్తుల నియామకాన్ని నిలిపివేయగలిగేవారు. చర్చ ముగించడానికి నూటికి 60 ఓట్లు కావలసివచ్చేది. 2013 నవంబరులో డెమొక్రాట్లు తమ అధ్యక్షుడు ఎంపిక చేసినవారి కోసం, సుప్రీంకోర్టును మినహాయించి, ఆ నియమాన్ని సామాన్య మెజారిటీకి దించారు. రేపు మైనారిటీలో పడితే మన గతేమిటని వారిలోనే కొందరు జంకారు. వారు జంకినట్టే 2017 ఏప్రిల్‌లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకు కూడా అదే సూత్రం వర్తింపజేసి గోర్సచ్‌ను నియమించుకున్నారు. తొలగించిన కంచె తొలగించినవారి పొలానికే కాపలాగా ఉండేదన్న సంగతి అందరికీ తరువాతనే తెలుస్తుంది.

ఇక గిరిగారు ఆ ఫైలును తిప్పి పంపగలిగేవారా? సలహాకు రాష్ట్రపతి బద్ధుడని రాజ్యాంగంలో స్పష్టంగా రాసింది 1976లో. ఒకసారి పునరాలోచనకు పంపే హక్కును రాసింది 1978లో. 1973లో కాగితం మీద ఆ రెండూ లేవు. సంప్రదాయం మాత్రం మంత్రివర్గం వైపే ఉంది. కాబట్టి న్యాయంగా ఆయనను తప్పుపట్టలేము. అయినా 1954లో ఒక ట్రిబ్యునలు తీర్పు కోసం మంత్రిపదవిని విడిచిన మనిషి ఈయనేనా అని ప్రశ్నించుకోకుండా ఉండలేను. ఖరగ్‌పూర్ కార్మికులు నేర్చిన పాఠం ప్రకారం, బలవంతుడు మాట్లాడకుండా నిర్ణయించడమే అన్యాయం. 1973లో షెలాత్‌తో గాని, పదవి దిగుతున్న సిక్రీతో గాని ఎవరూ మాట్లాడలేదు.

మరుసటి సంవత్సరం మే 8న దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె మొదలైంది. దాని అగ్రభాగాన నిలిచినది గిరిగారు స్థాపకులలో ఒకరైన ఆ ఫెడరేషనే. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. వేలాదిమందిని నిర్బంధించారు. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో క్వార్టర్లు ఖాళీ చేయిస్తారన్న భయం ఇంటింటా వ్యాపించింది. మే 27న సమ్మె ఏ షరతూ లేకుండా విరమించారు. రాష్ట్రపతి భవన్‌లో గిరిగారికి అవి చివరి నెలలు. ఆగస్టు 24న పదవీకాలం ముగిసింది. మరొక అవకాశం రాలేదు. 1975లో భారతరత్న ఇచ్చారు. మద్రాసులో 1980 జూన్‌లో కన్నుమూశారు.

1977 జనవరిలో ఖన్నాను కాదని బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేసి, ఇందిరాగాంధీ ప్రభుత్వం అదే పద్ధతిని తిరిగి ప్రయోగించింది. రెండు నెలల్లో ఓడిపోయింది. 1978లో చంద్రచూడ్ వంతు వచ్చినప్పుడు, ఎమర్జెన్సీ కాలపు తీర్పును సాకుగా చూపి ఆయనను దాటవేయాలని జనతాపక్షాన కొందరు న్యాయవాదులు ఒత్తిడి తెచ్చారు. జనతా ప్రభుత్వం సీనియారిటీనే పాటించింది. ఆ తరువాత ఏ ప్రభుత్వమూ ప్రధాన న్యాయమూర్తి విషయంలో ఆ గీత దాటలేదు. న్యాయమూర్తుల ఎంపికే 1993 నుంచి న్యాయమూర్తుల చేతిలోకి పోయింది. దానిని మార్చబోయిన కమిషను చట్టాన్ని 2015లో కోర్టు కొట్టివేసింది. కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్ ఒక్కరే భిన్నాభిప్రాయం రాశారు.

రాజీనామా ఇచ్చిన ముగ్గురిలో హెగ్డే రాజకీయాల్లో దిగారు. 1977లో బెంగళూరు నుంచి జనతా అభ్యర్థిగా గెలిచి, జులైలో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీ ఖాళీ చేసి రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళినవారు సంజీవరెడ్డి. గిరిగారు అప్పటికి జీవించే ఉన్నారు.