ఘంటసాలవారి గీతాగానము

సికింద్రాబాదు బన్సీలాల్‌పేట వీధులలో గాని, కృష్ణాతీరపు పల్లెలలో గాని, ఒక యింటినుండి ఘంటసాలవారి భగవద్గీత వినవచ్చినచో, దారిని పోవువారు ఒక క్షణమాగి ఎవరు కాలము చేసిరో యని విచారింతురు. మృతుల యింటను, శవయాత్రలలోను ఆ రికార్డు పెట్టుట మనకొక ఆచారమైపోయినది. కాని దానిని మనకిచ్చిన మహాగాయకుని జీవితము నెరిగినవారికి, అది మరణగీతము కాదనియు, జీవించువారికై పాడినదనియు బోధపడును.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కృష్ణామండలము గుడివాడ తాలూకా చౌటపల్లి గ్రామమున 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన జన్మించిరి. తండ్రి సూర్యనారాయణగారు నారాయణతీర్థుల తరంగములు పాడుచు, కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు తీసికొనిపోవువారు. ఆ తరంగములే బాలునకు తొలి పాఠములు. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించిరి. కొడుకు సంగీతవిద్వాంసుడు కావలెనన్న కోరిక యొక్కటే ఆయన విడిచిపోయిన ఆస్తి.

ఆ కోరిక నెరవేర్చుటకై బాలుడు చేతి యుంగరమమ్ముకొని విజయనగరము చేరెను. అచట మహారాజావారి సంగీత కళాశాల కలదు. దాని యాచార్యులలో నొకరైన పట్రాయని సీతారామశాస్త్రిగారు సంపన్నులు కారు. అయినను శిష్యుని చేరదీసి, విద్యాదానము చేసిరి. శిష్యుడు జోలె పట్టి, ఇంటింట మధుకరమెత్తి పొట్ట పోసికొనుచు విద్య నేర్చెను. నేటి విద్యార్థులు ఈ ఘట్టమును మరువరాదు. తెలుగుదేశమంతయు తరువాత విన్న ఆ కంఠము, పరుల పెట్టిన అన్నముతో పెరిగినది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని, బళ్ళారి చెంతనున్న అలీపురము కారాగారమున శిక్ష ననుభవించిరి. 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. పిదప సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మద్రాసు చేరి, ఆకాశవాణిలోను, చిత్రములలోను పాడసాగిరి. 1945 నాటి ‘స్వర్గసీమ’ మొదలు ఆయన గళము తెరపై వినవచ్చెను. ‘మనదేశము’, ‘పాతాళభైరవి’ మున్నగు చిత్రములకు సంగీతము సమకూర్చి, మూడు దశాబ్దములు తెలుగు చలనచిత్రగానమునకు పెద్దదిక్కైరి. 1970లో పద్మశ్రీ బిరుదమందుకొనిరి. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేసిరి.

చిత్రగీతములతో తృప్తినొందక, ఆయన కవితను గ్రామఫోను రికార్డులపై నెక్కించిరి. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’, ‘కుంతీకుమారి’ ఖండికలు ఆయన కంఠమున పడి, అక్షరము రానివారి నాలుకలపై సైతము నాట్యమాడినవి. పద్యమును రాగములో ముంచివేయక, ప్రతి పదము విస్పష్టముగా వినవచ్చునట్లు పాడుట ఆయన పద్ధతి. పద్యపఠనము నేర్పు ఉపాధ్యాయులకు అంతకంటె మంచి పాఠము దొరకదు.

ఆ పద్ధతికి పరిపాకమే గీతాగానము. అప్పటికే ఆరోగ్యము సన్నగిల్లినది, హృద్రోగము బాధించుచుండినది. అయినను గీతను పాడవలెనన్న సంకల్పమును విడువలేదు. పదునెనిమిది అధ్యాయములలో ఏడువందల శ్లోకములున్నవి. వానినుండి ముఖ్యములైనవానిని గ్రహించి, భావమున కనుగుణమైన రాగమున శ్లోకమును పాడి, వెంటనే తెలుగు తాత్పర్యమును తామే వినిపించిరి. వాద్యములు శ్లోకమును మించక, వెనుకనుండియే తోడు నిలిచినవి. సంస్కృత మెరుగని రైతుకును, గృహిణికిని గీతార్థము చెవిద్వారా అందినది.

ఈ కార్యమున ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు పట్రాయని సంగీతరావుగారు. వీరు ఆ సీతారామశాస్త్రిగారి కుమారులే! అనేక సంవత్సరములు ఘంటసాలవారికి సహాయకులుగా పనిచేసిన వీరు, నూరేండ్లు జీవించి 2021లో కీర్తిశేషులైరి. నాడు విజయనగరమున తండ్రి చేసిన విద్యాదానము ఫలించు వేళకు, కుమారుడు పక్కనే యుండెను.

రికార్డింగు ముగిసిన కొలదికాలమునకే, 1974 ఫిబ్రవరి 11న, మద్రాసులో ఘంటసాలవారు కన్నుమూసిరి. వయస్సు ఏబదియొకటి మాత్రమే. వారి నిర్యాణానంతరమే గీతా రికార్డు ప్రజలకందినది. గాయకుని మరణవార్తతో కలిసి వచ్చినందుననో, ఆత్మ నశింపదను బోధ దుఃఖితులకు ఊరట యగుటవలననో, అది శోకగృహములలో స్థిరపడినది. ఆ ఊరటను కాదనవలసిన పని లేదు. కాని గీత పుట్టినది స్మశానమున కాదు. విల్లు జారవిడిచి, కర్తవ్యము తోచక నిలిచిన యువకుని ఎదుట. రోగమును లెక్కింపక తన పని ముగించిన గాయకుడు ఆ బోధను పాడుటయే కాదు, ఆచరించి చూపెను.

కావున ఉపాధ్యాయ మిత్రులు ఆ రికార్డును ఒక ఉదయము తరగతి గదిలో వినిపింతురుగాక. పరీక్షలకు బెదరి, కలము జారవిడుచు బాలబాలికలకు దాని అవసరము మిక్కిలి కలదు. అటుపిమ్మట వీధిలో ఆ కంఠము వినవచ్చినపుడు, ఎవరు పోయిరని గాక, ఏమి చేయవలెనని వారు తమ్ము తాము ప్రశ్నించుకొందురు.